పాత ఇల్లు కూల్చకుండా కొత్త కాపురం

మీ ఇంట్లో కంప్యూటరు ఉందా? ఇంట్లో లేకపోయినా బడిలో చూసే ఉంటారు. మీట నొక్కగానే లోపల ఫ్యాను గుయ్‌మంటుంది. తెర మీద ఓ ముద్ర కనబడుతుంది. కాసేపు చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి. ఆ తర్వాత బొమ్మలూ, పేర్లూ వచ్చి వరసగా కూర్చుంటాయి. ఆ కాసేపట్లో లోపల ఏం జరుగుతోందో ఎప్పుడైనా ఆలోచించారా? "ఏముంది, కంప్యూటరు నిద్ర లేస్తోంది" అంటారు కాబోలు. బాగానే ఉంది. మరి లేచి పనిలోకి దిగేది ఎవరు? ఆ లేచేవాణ్ణే మార్చేస్తే ఏమౌతుంది?

ఈ ప్రశ్న నాకు పేరాలలో ఎదురైంది.

2025 దీపావళి సెలవుల్లో తెనాలి నుంచి పేరాల వెళ్ళాను. మా అక్కయ్యది ఆ ఊరే. చీరాల స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే ఎంతోసేపు పట్టదు. చీరాల, పేరాల ఇప్పుడు ఎక్కడ కలుస్తాయో చెప్పడం కష్టం. మా బావగారు నేత పని చేయిస్తారు. ఆయన జమాఖర్చులు, చీరల అంచుల నమూనాలు, కూలీల లెక్కలు అన్నీ ముందు గదిలో ఉన్న ఒక పాత కంప్యూటర్లో ఉంటాయి. అందులో విండోస్ 10 ఉంది. ఆ విండోస్ 10 కి కంపెనీవారు మామూలుగా ఇచ్చే సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అంటే నేను వెళ్ళేసరికి వారం కూడా కాలేదు. (పేరు నమోదు చేసుకున్నవారికి మరో ఏడాది రక్షణ సవరణలు అందే ఏర్పాటు ఒకటుంది లెండి.) సవరణలు ఆగినంత మాత్రాన కంప్యూటరు మర్నాడే మూలపడదు. రోజూలాగే పనిచేస్తుంది. కాని గోడకు కొత్తగా కన్నం పడితే వచ్చి పూడ్చే మేస్త్రీ ఇక రాడన్నమాట. దొంగలకు మాత్రం ఆ సంగతి తెలుసు.

విండోస్ 11 వేద్దామంటే ఆ యంత్రం పాతది. అందులోని ప్రాసెసరు విండోస్ 11 ఒప్పుకునే జాబితాలో లేదు. రహస్యపు తాళాలు దాచే టీపీఎం అనే భాగం కూడా కొత్త రకానిది కావాలట. మిగతా అన్నిటికీ ఆ కంప్యూటరు దుక్కలా ఉంది.

మా మేనల్లుడు తొమ్మిదో తరగతి. వాడికి ఇదంతా పండగలా ఉంది. "మామయ్యా! లినక్స్ వేసేద్దాం. పెన్‌డ్రైవులో సిద్ధంగా ఉంది. అరగంట పని" అన్నాడు.

"మరి నా లెక్కలు?" అన్నారు బావగారు.

"పోవు నాన్నా."

"పోతే?"

మావాడి దగ్గర జవాబు లేదు. ఆ "పోతే?" అన్నదే ఈ వ్యాసానికంతటికీ అసలు ప్రశ్న.

మగ్గం వేరు, మేస్త్రీ వేరు

ముందు ఆపరేటింగ్ సిస్టం అంటే ఏమిటో చూద్దాం. బావగారి కింద పది మగ్గాలు ఆడుతున్నాయనుకోండి. ఎవరికి ఎంత నూలు ఇవ్వాలి, ఏ మగ్గం మీద ఏ చీర ఎక్కించాలి, ఎవరి పడుగు అయిపోయింది, ఎవరు ఎవరి కోసం ఆగాలి అన్నవి ఒక మనిషి చూడాలి. ఆ మనిషి ఒక్క అంగుళం కూడా నెయ్యడు. ఐనా అతడు లేకపోతే పది మగ్గాలూ ఒకదాని నూలు ఒకటి లాక్కుంటాయి. కంప్యూటర్లో ఆపరేటింగ్ సిస్టం చేసే పని సరిగ్గా ఇదే. జ్ఞాపకశక్తిని పంచిపెట్టడం, ప్రాసెసరు కాలాన్ని సెకనులో వందలాది ముక్కలు చేసి వంతులు వెయ్యడం, డిస్కు మీద ఎక్కడ ఏముందో గుర్తుంచుకోవడం, మీటల పలక, ముద్రణ యంత్రం చెప్పే మాటలు వినడం. మీరు బొమ్మ గీసే ప్రోగ్రామూ, పాట వినే ప్రోగ్రామూ ఈ మేస్త్రీ దగ్గర పనిచేసే నేతగాళ్ళు.

నేత ఊళ్ళో ఉన్నాం గనుక ఇంకొక మాట. జకార్డు మగ్గం చూశారా? పైన అట్టల దండ ఒకటి వేలాడుతూ ఉంటుంది. అట్టల్లో కన్నాలుంటాయి. కన్నం ఉన్న చోట ఒక పోగు లేస్తుంది, లేని చోట లేవదు. ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జోసెఫ్ మరీ జకార్డు 1804లో ఈ ఏర్పాటు చేశాడు. అట్టల దండ మారిస్తే అదే మగ్గం మీద హంస పోయి మామిడిపిందె వస్తుంది. మగ్గం కొయ్యలో ఒక్క మేకు కూడా మార్చక్కర్లేదు. యంత్రం ఒకటి, దానికి ఏం చెయ్యాలో చెప్పే సంగతి వేరొకటి అని మనుషులకు కళ్ళకు కట్టినట్టు చూపించిన యంత్రాల్లో ఇది పాతది. చార్లెస్ బాబేజి తన లెక్కల యంత్రానికి కన్నాల అట్టల్ని ఇక్కణ్ణుంచే తీసుకున్నాడు.

కంప్యూటర్లో అట్టల దండ ఎక్కడుంటుంది? హార్డు డిస్కులో. ఐతే దండ మార్చాలంటే డిస్కులో ఉన్నదాన్ని చెరిపి కొత్తది రాయనక్కర్లేదు. డిస్కునే మార్చెయ్యవచ్చు!

రేపల్లె నుంచి వచ్చిన డిస్కు

రేపల్లెలో నా స్నేహితుడొకడి కంప్యూటరు పిడుగు పడి పోయింది. పెట్టె పోయింది గాని డిస్కు బతికింది. అందులోని ఫైళ్ళన్నీ ఎప్పుడో తీసేసుకున్నాడు. దాన్ని నాకిచ్చాడు. నేను సంచిలో వేసుకుని తెనాలి తెచ్చుకున్నాను. దాని సంగతి పేరాలలో గుర్తుకొచ్చింది. మర్నాడు తమ్ముడు అదే పనిగా రైలెక్కి తెచ్చిపెట్టాడు.

అరచేతిలో పట్టే ఈ వస్తువును ఒకసారి పరీక్షగా చూడండి. లోపల అద్దంలా మెరిసే పళ్ళేలుంటాయి. వ్యాసం సుమారు 9.5 సెంటీమీటర్లు. చాలా డిస్కుల్లో ఇవి నిమిషానికి 7,200 సార్లు తిరుగుతాయి. అంటే సెకనుకు 120 చుట్లు. లెక్క వెయ్యండి. చుట్టుకొలత దాదాపు 30 సెంటీమీటర్లు. సెకనుకు 36 మీటర్లు. గంటకు? సుమారు 130 కిలోమీటర్లు. చీరాల మీదుగా దూసుకుపోయే ఎక్స్‌ప్రెసు రైళ్ళతో పోటీకి దిగే వేగం, ఒక కొబ్బరిచిప్ప అంత చోటులో! ఆ పళ్ళెం మీద రాసే, చదివే తల కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతూ ఉంటుంది. తలవెంట్రుకను పొడుగునా పదివేల పొరలుగా చీల్చగలిగితే ఒక్క పొర మందం ఎంతో, ఆ ఎడం అంత. అందుకే తిరుగుతున్న డిస్కును కుదపకూడదు సుమా!

1956లో ఐబీఎం వారు తయారుచేసిన మొదటి హార్డు డిస్కులో రెండేసి అడుగుల వ్యాసం గల పళ్ళేలు 50 ఉండేవి. బరువు టన్ను. పట్టేది 50 లక్షల అక్షరాలు. మా రేపల్లె డిస్కు 320 జీబీ, అంటే 32 వేల కోట్ల బైట్లు.

ఇక్కడ మావాడికో అనుమానం వచ్చింది. డిస్కు మీద 320 అని ఉంది, కంప్యూటరేమో 298 అంటుంది. మిగతా 22 ఎవరు తిన్నారు? ఎవరూ తినలేదు. డిస్కు చేసేవారు జీబీ అంటే వంద కోట్లు అంటారు. విండోస్ మాత్రం 1024 ని మూడుసార్లు హెచ్చవేస్తుంది. అది 107 కోట్ల 37 లక్షలు దాటుతుంది. 32 వేల కోట్లను దానితో భాగిస్తే 298 వస్తుంది. అంగడివాడి గజం, నేతగాడి గజం వేరువేరుగా ఉన్నట్టు. బావగారి పాత డిస్కు 500 జీబీ. అది 465 గా కనబడుతుంది. ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసి పెట్టుకున్నాం. ఎందుకో ఇప్పుడే చెప్తాను.

కేబులు పీకిన కథ

ఒకే డిస్కు మీద రెండు సిస్టంలు పెట్టుకోవచ్చు. చాలామంది పెట్టుకుంటారు కూడా. కాని అది చేను కోతకు రాకముందే గట్టు జరపడం లాంటిది. ఉన్న విండోస్ భాగాన్ని కుదించాలి, మిగిలిన చోట కొత్త గట్టు వెయ్యాలి. మధ్యలో కరెంటు పోతే? మా పేరాలలో కరెంటు మర్యాద గూర్చి నేను చెప్పను.

రెండు డిస్కులూ తగిలించి, కొత్తదాని మీదే వేద్దామా? అందులోనూ ఓ చిక్కుంది. కొత్త సిస్టం వేసే ప్రోగ్రాము "ఏ డిస్కు చెరపను?" అని అడుగుతుంది. లినక్సులో డిస్కుల పేర్లు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని ఒక్క అక్షరం తేడాతో ఉంటాయి. ఇవాళ ఎస్‌డీఏ అయినది రేపు ఎస్‌డీబీ కావచ్చు, కంప్యూటరుకు ఏది ముందు దొరికితే అదే ఏ.

"నేను జాగ్రత్తగా చూస్తా మామయ్యా" అన్నాడు మావాడు. సరే, వాడికో కథ చెప్పాను. మీరూ వినండి. లినక్సుకు మూలమైన భాగాన్ని 1991లో రాసినవాడు లైనస్ టోర్వాల్డ్స్. అప్పుడతను ఫిన్లండులోని హెల్సింకీ విశ్వవిద్యాలయంలో విద్యార్థి. 21 ఏళ్ళవాడు. అతని కంప్యూటర్లో మినిక్స్ అనే వేరే సిస్టం ఉండేది. దాని పక్కనే తన కొత్త సిస్టాన్ని పెంచుతూ వచ్చాడు. ఆ రోజుల్లో విశ్వవిద్యాలయం కంప్యూటరుతో మాట్లాడాలంటే మోడెం ద్వారా ఫోను చెయ్యాలి. ఒకనాడు ఫోను నంబరు తిప్పమనే ఆజ్ఞను మోడెముకు పంపబోయి హార్డు డిస్కుకు పంపాడు! పేరు ఒకటి బదులు మరొకటి కొట్టాడు, అంతే. ఆ ఆజ్ఞ మినిక్స్ ఉన్న భాగం మీద పడి దాన్ని పాడుచేసింది. మినిక్సును మళ్ళీ వేసుకోవచ్చు. కాని అతను ఇక లినక్సులోనే ఉండిపోదామనుకున్నాడు. కథ సుఖాంతమే. ఐతే అతని డిస్కులో బావగారి కూలీల లెక్కలు లేవు. అంతటివాడి వేలే తప్పినప్పుడు మన వేలికి పూచీ ఏమిటి?

అందుకని ఏం చేశామంటే, కంప్యూటరు ఆపి, గోడ దగ్గర ప్లగ్గు కూడా తీసేసి, పెట్టె మూత విప్పాం. ఒంటిమీద ఉండే స్థిరవిద్యుత్తు పోయేందుకు ముందు పెట్టె ఇనుమును తాకాం. పాత డిస్కుకు రెండు కేబుళ్ళుంటాయి. వెడల్పుది విద్యుత్తుకు, సన్నది సమాచారానికి. రెండూ మెల్లగా పీకేశాం. అక్కడే రేపల్లె డిస్కు తగిలించాం. ఇప్పుడు మావాడు ఎన్ని తప్పులు చేసినా పాత డిస్కుకు ఏమీ కాదు. జాగ్రత్తగా ఉండడం కాదు, తప్పు జరగడానికి దారే లేకుండా చెయ్యడం. కరెంటు పనివాళ్ళు ఫ్యూజు ఊడబీకి జేబులో వేసుకుని స్తంభం ఎక్కుతారు చూడండి, అలాగ.

పేరాలవారికి ఇది కొత్త విద్య కాదు. 1921లో మునిసిపాలిటీ పన్ను కట్టబోమంటూ చీరాల, పేరాల ప్రజలు ఊళ్ళు ఖాళీచేసి, బయట రామనగరమనే చోట పాకలు వేసుకుని సుమారు పదకొండు నెలలున్నారు. నడిపించినవారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. పాత ఇళ్ళు కూల్చుకుని వెళ్ళలేదు. అలాగే వదిలి వెళ్ళారు. అది పన్నుల మీద పోరాటం, ఇది డిస్కుల ముచ్చట. రెంటికీ పోలిక పెట్టకూడదేమో గాని, అక్కయ్య వాళ్ళ మామగారు మా వాలకం చూసి "ఏమిట్రా, రామనగరం కడుతున్నారా?" అన్నారు.

తన భుజాల మీద తానే

అసలు వెయ్యకముందు చూడ్డానికి ఒక ఉపాయం ఉంది. పెన్‌డ్రైవు నుంచే సిస్టం నడుస్తుంది. డిస్కును ముట్టుకోకుండా జ్ఞాపకశక్తిలోకి ఎక్కి కూర్చుంటుంది, ఆపేస్తే మాయమౌతుంది. జర్మనీకి చెందిన క్లాస్ నాపర్ 2000 సంవత్సరంలో నాపిక్స్ అనే సీడీతో ఈ పద్ధతికి పేరు తెచ్చాడు. మేం తెచ్చుకున్నది డెబియన్. 1993లో ఇయన్ మర్డాక్ మొదలుపెట్టాడు. డెబ్రా అనే స్నేహితురాలి పేరులో డెబ్, తన పేరు ఇయన్ కలిపి ఆ పేరు పెట్టాడు. దించుకున్న మూడు జీబీల ఫైలు దారిలో చెడలేదని ఎలా తెలుస్తుంది? ఫైలునంతా ఒక సూత్రంలో పెట్టి రుబ్బితే 64 అక్షరాల వేలిముద్ర ఒకటి వస్తుంది. అన్ని వందల కోట్ల బైట్లలో ఒక్క బిట్టు మారినా ముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. డెబియన్ వారు ప్రకటించిన ముద్రతో మాది సరిపోయింది. మావాడు 64 అక్షరాలూ పైకి చదివి మరీ ఒప్పుకున్నాడు.

వెయ్యడం అరగంటలో అయిపోయింది. డిస్కుల జాబితాలో ఒకటే ఉంది, 320. వాడు ఒక్క క్షణం "పాతది పోయింది మామయ్యా!" అని బెదిరాడు. పీకింది తనే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మీట నొక్కగానే లేచేదెవరు? ముందు లేచేది కంప్యూటరు పలక మీద ఉండే ఓ చిన్న చిప్పులోని ప్రోగ్రాము. దానికి విండోస్ తెలీదు, లినక్స్ తెలీదు. జ్ఞాపకశక్తి ఉందా, మీటల పలక ఉందా అని చూసుకుని, డిస్కు తలుపు తడుతుంది. పాత పద్ధతిలో డిస్కు మొట్టమొదటి గడిలోని 512 బైట్లు మాత్రమే చదువుతుంది. అందులో ప్రోగ్రాముకు మిగిలేది 446 బైట్లు. ఆ కాస్తలో ఏం పడుతుంది? "ఫలానా చోట నాకంటే పెద్దవాడున్నాడు, వాణ్ణి లేపు" అన్న మాట పడుతుంది. వాడు లేచి ఇంకా పెద్దవాణ్ణి లేపుతాడు. చివరికి మేస్త్రీ లేస్తాడు. తన భుజాల మీద తానే ఎక్కడం అంటే ఇదే! కొత్త యంత్రాల్లో ఈ తీరు కొంత మారింది గాని, వరస అదే. చిప్పుకు కావలసిందల్లా తలుపు తీసే డిస్కు. ఏ డిస్కు తీస్తే ఆ కంప్యూటరన్నమాట.

పేరాల అంటే అయిదంకెలు

తెర వచ్చింది. భాష తెలుగు అని ముందే ఎంచుకున్నాం. బావగారు దగ్గరికి వచ్చి చూశారు. మెనూల్లో తెలుగు మాటలు. ఇవి ఎవరో ఉద్యోగులు రాసినవి కావు. చాలామటుకు స్వచ్ఛందంగా రాసినవారివి. హైదరాబాదులో 2005 నుంచి పనిచేస్తున్న స్వేచ్ఛ అనే సంస్థవారు డెబియన్ మీదే తెలుగు మొహంతో ఒక సిస్టం తయారుచేశారు. బాలస్వేచ్ఛ అని పిల్లలకోసం వేరేగా చేశారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు తయారుచేసిన పోతన, వేమన ఖతులు కూడా డెబియన్లో దొరుకుతాయి. కొన్ని మాటలు నాకూ నచ్చలేదు, మరీ గ్రాంథికం. నచ్చకపోతే మార్చి పంపవచ్చు. అదే ఇందులో గొప్ప.

మీటల పలకను ఇన్‌స్క్రిప్టు పద్ధతికి మార్చి ఈ అయిదు మీటలు నొక్కి చూడండి. ఇంగ్లీషు అక్షరాల్లో హెచ్, ఎస్, జె, ఇ, ఎన్. ఏం వచ్చింది? పేరాల! కంటికి మూడక్షరాలు, కంప్యూటరుకు అయిదు అంకెలు. ప కు 3114, ఏత్వానికి 3143, ర కు 3120, దీర్ఘానికి 3134, ల కు 3122. యూనికోడ్ అనే ప్రపంచమంతటి ఒప్పందంలో తెలుగుకు కేటాయించిన అంకెలివి. ఫైల్లో దాచేటప్పుడు ఒక్కో అంకెకు మూడు బైట్లు, మొత్తం 15. పకు ఏత్వం తగిలించి "పే"గా గీసే పని చదివేటప్పుడు జరుగుతుంది.

అంతా బాగుందనుకుంటుండగా తాతయ్యగారి పాటల ఫైలు తెరిచాం. (ముఖ్యమైన ఫైళ్ళ నకళ్ళు ముందే వేరే పెన్‌డ్రైవులో తీసి ఉంచాం.) ఆయన రాసుకున్న కోలాటం పాటలవి. ఇరవై ఏళ్ళ కిందట ఒక డీటీపీ షాపులో కొట్టించారు. తెరిస్తే ఏముంది, ఇంగ్లీషు అక్షరాలూ, వాటి నెత్తిన కొమ్ములూ, చుక్కలూ! ఒక్క తెలుగు ముక్క లేదు. పెద్దాయన మొహం వాడిపోయింది.

తప్పు కొత్త సిస్టానిది కాదు. ఆ ఫైల్లో మొదటినుంచీ తెలుగు లేదు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు ఒక్కొక్క ఖతి చేసేవారు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తమకు తోచిన వరసలో తెలుగు ముక్కలు పెట్టుకున్నారు. మన తెనాలి నాటకాల్లో మాదిరి, లోపలి మనిషి వేరు, వేషం వేరు. ఆ ఖతి ఉన్నంతసేపూ వేషం కనబడుతుంది. ఖతి లేని యంత్రంలో రంగు కడిగిన మొహం కనబడుతుంది. పాత ఖతుల నుంచి యూనికోడుకు మార్చే ప్రోగ్రాములున్నాయి. ఓ పాట మార్చి చూశాం. వత్తులు నాలుగైదు చోట్ల తారుమారయ్యాయి గాని పాట నిలబడింది. మిగతావి తాతా మనవలు కూచుని సరిచేసుకోవాలి.

లెక్కల ఫైళ్ళు తేలిగ్గా తెరుచుకున్నాయి. అంచుల నమూనాల దగ్గర బండి ఆగింది. ఆ ప్రోగ్రాము విండోసుకోసం చేసినది. విండోస్ ప్రోగ్రాముల్ని లినక్సులో నడిపించే వైన్ అనేది ఒకటుంది (పేరు చూసి కంగారుపడకండి). దానితో నమూనా తెర మీదికి వచ్చింది గాని, అట్టలకు కన్నాలు కొట్టేందుకు పంపే దగ్గర మొరాయించింది. సాయంత్రం దాకా కుస్తీపట్టాం. లాభం లేకపోయింది.

అదే డిస్కు మీద వేసేసి ఉంటే? మర్నాడు పొద్దున నేతగాళ్ళు అట్టలకోసం వచ్చి గుమ్మంలో నిలబడేవారు. ఇప్పుడేం చేశాం? ప్లగ్గు తీసి, రెండు కేబుళ్ళు మార్చాం. రెండు నిమిషాల్లో పాత కంప్యూటరు పాత మొహంతో లేచింది.

మీరు ఇది చెయ్యాలనుకుంటే రెండు మాటలు. బడి కంప్యూటరు మీదగాని, ఇంకొకరిదాని మీదగాని చెయ్యకండి. పెట్టె విప్పేటప్పుడు పెద్దవాళ్ళు ఒకరు పక్కన ఉండాలి. ల్యాప్‌టాపుల జోలికి పోవద్దు. డిస్కు దొరక్కపోతే పెన్‌డ్రైవుతో చూడటం వరకు చాలు.

నేను బయల్దేరే ముందు బావగారు ఆ పెట్టె దగ్గర కూచుని ఏదో కడుతున్నారు. పాత డిస్కు కేబుళ్ళకు తెల్ల నూలు, కొత్త డిస్కు కేబుళ్ళకు ఎర్ర నూలు ముడేస్తున్నారు. పొద్దుటి పూట తెల్ల నూలు, బడి వదిలాక ఎర్ర నూలు అని తండ్రీ కొడుకులు ఒప్పందానికి వచ్చారట. నమూనాల ప్రోగ్రాము సంగతి తేలేదాకా బావగారు తెల్లదాన్ని ఇంటర్నెట్టుకు తగిలించరట.

"మరి ఆదివారాలో?" అని మావాడు బేరం పెడుతుండగా ఆటో వచ్చింది.